తీగ యొకరిది, సేవ పలువురిది

పూర్వము గ్రామమునకు రోడ్డు వచ్చుట, కరెంటు వచ్చుట, మంచినీటి కొళాయి వచ్చుట ఎట్టి ముఖ్య ఘట్టములో, నేడు ఇంటర్నెట్టు తీగ వచ్చుట అట్టి ఘట్టమే. పిల్లల చదువు, పంటల బీమా, పింఛను, భూమి రికార్డు, బ్యాంకు ఖాతా మున్నగువానిలో ఇంటర్నెట్టుతో సంబంధము లేనిది నేడు అరుదు. కనుక తీగ ఎప్పుడు వచ్చునని అందరును అడుగుదురు. వచ్చిన తీగపై ఎందరు వర్తకులు తమ సేవను అమ్మగలరని అడుగువారు మాత్రము తక్కువ. ఈ రెండవ ప్రశ్నను పంచాయతీ సభ్యుల ఎదుట ఉంచుటయే మా ఉద్దేశము.

ఈ ప్రశ్నను ఇరువది యైదేండ్లకు పైబడిన కాలము క్రిందటనే ఒక స్థానిక సంస్థ ధైర్యముగా అడిగినది. అది అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఓరెగాన్ రాష్ట్రమునందలి పోర్ట్‌లాండు నగరము. ఆ నగరము ఒక మహా సంస్థతో తలపడి, మొదట గెలిచి, పిదప ఓడినది. గెలుపునకు గల కారణమును, ఓటమికి గల కారణమును తెలిసికొనుట మనకు మిక్కిలి ఉపయోగకరము.

సంతయు, ఆశీలును

మొట్టమొదట తీగ వేరు, సేవ వేరు అను సంగతిని గ్రహింపవలెను. మన వారపు సంతను తలచుకొందము. సంత స్థలము పంచాయతీది. కూరలవారు, బట్టలవారు, గాజులవారు ఎవరైనను ఆశీలు చెల్లించి అచ్చట కూర్చుండవచ్చును. ఒకనియొద్ద ధర హెచ్చుగా నున్నచో కొనువాడు ప్రక్కవానియొద్దకు పోవును. ఒకని తూకము బాగుండనిచో మరునాటికి వాని అంగడి వెలవెలబోవును. ఆ విధముగా పలువురు వర్తకులుండుటయే కొనువానికి రక్ష.

ఇపుడు ఆ సంత స్థలము పంచాయతీది గాక ఒక వర్తకుని సొంతమే అనుకొందము. అతడు తానొక్కడే అచ్చట సరకులమ్మును. ఇతరులను అడుగు పెట్టనీయడు. ఇక ధర అతడు చెప్పినదే ధర, తూకము అతడు తూచినదే తూకము. ఊరివారు పొరుగూరి సంతకు పోవలసినదే.

ఇంటర్నెట్టు విషయమున తీగ సంత స్థలము వంటిది. దానిపై సమాచారమును చేరవేయు సంస్థ వర్తకుని వంటిది. తీగ యజమాని తాను అమ్ముకొనుటయే గాక, న్యాయమైన ఆశీలు పుచ్చుకొని ఇతర వర్తకులను గూడ ఆ తీగపై అమ్ముకొననిచ్చినచో, దానిని 'తెరచిన తీగ' అనవచ్చును. ఇతరులను రానీయనిచో అది 'మూసిన తీగ' అగును.

టెలిఫోను తీగ, కేబులు తీగ

ఈ రెండు తీగలకును గల భేదము తెలిసినగాని తరువాతి కథ బోధపడదు. పాత టెలిఫోను పద్ధతిలో ప్రతి ఇంటినుండి ఎక్స్చేంజి వరకు ఒక జత రాగి తీగలు విడిగా పోవును. అమెరికాలో టెలిఫోను కంపెనీలు అడిగిన వారందరి మాటలను భేదము లేక మోయవలెనను నియమము చిరకాలముగా నుండెను. కాబట్టి 1990 తరువాత ఇంటర్నెట్టు వ్యాపించు దినములలో, టెలిఫోను తీగ కలవాడెవడైనను తనకు నచ్చిన ఇంటర్నెట్టు సంస్థకు ఫోను చేసి సేవను పొందగలిగెను. ఆ తీగల ఆధారముతోనే ఆ దేశమున వేలకొలది చిన్న ఇంటర్నెట్టు సంస్థలు పుట్టినవి.

కేబులు తీగ అట్టిది కాదు. అది టెలివిజను కార్యక్రమములను చూపుటకై వేసినది. కంట్రోల్ రూము నుండి బయలుదేరి, చెట్టు కొమ్మల వలె చీలి, ఒకే కొమ్మపై వందలాది ఇండ్లకు చేరును. ఇంటింటికి విడి తీగ లేదు. కొమ్మ మీదివారందరును ఒకే తీగను పంచుకొందురు. మోడెము అను పరికరము నుపయోగించి ఈ తీగపైననే ఇంటర్నెట్టును గూడ పంపవచ్చునని 1990 తరువాతి దశాబ్దిలో రుజువైనది. వేగము టెలిఫోను తీగకంటె ఎన్నో రెట్లు హెచ్చు. కాని టెలిఫోను కంపెనీకి గల బాధ్యత కేబులు కంపెనీకి లేకుండెను. వేగము గల తీగ మూసియున్నది. తెరచియున్న తీగకు వేగము లేదు. వివాదమంతయు ఇచ్చటనే మొదలైనది.

పోర్ట్‌లాండు తీర్మానము

1998 జూన్‌లో ఏ.టి. అండ్ టి. అను పెద్ద టెలిఫోను సంస్థ, టి.సి.ఐ. అను కేబులు సంస్థను సుమారు 4,800 కోట్ల డాలర్లకు కొనబోవుచున్నట్లు ప్రకటించెను. అమెరికాలో కేబులు కంపెనీ ఊరి వీథులలో తీగలు వేయవలెనన్న స్థానిక సంస్థ అనుమతి పొందవలెను. యజమాని మారినపుడు ఆ అనుమతిని కొత్త యజమాని పేరునకు మార్చుకొనుటకు గూడ స్థానిక సంస్థ సమ్మతి కావలెను. అందుచే అంతటి మహా సంస్థయు పోర్ట్‌లాండు నగరపాలక సంఘమునకును, ఆ నగరమున్న మల్ట్‌నోమా కౌంటీకిని దరఖాస్తు చేసికొనవలసి వచ్చెను.

ఆ దరఖాస్తును ఆ ప్రాంతపు కేబులు వ్యవహారములను చూచు సలహా సంఘము పరిశీలించెను. టి.సి.ఐ. తీగపై 'ఎట్ హోమ్' అను ఒకే సంస్థ ఇంటర్నెట్టు సేవను అమ్ముచుండెను. చందాదారుడు మరియొక సంస్థను కోరుకొన్నచో, ఎట్ హోమ్ చందాను చెల్లించి, దానిపై రెండవ సంస్థకు మరల చెల్లించుకొనవలెను. ఊరి చిన్న ఇంటర్నెట్టు సంస్థలు తమకును ఆ తీగపై చోటు కావలెనని కోరినవి.

1998 డిసెంబరులో నగరమును, కౌంటీయు ఒక షరతుతో సమ్మతించినవి. కొత్త యజమాని తన తీగను ఇతర ఇంటర్నెట్టు సంస్థలకు భేదభావము లేక తెరువవలెననునదే ఆ షరతు. ఏ.టి. అండ్ టి. అందుల కొప్పుకొనలేదు, ఫెడరల్ న్యాయస్థానమున దావా వేసెను. 1999 జూన్‌లో క్రింది న్యాయస్థానము నగర పక్షముననే తీర్పు చెప్పెను. ఇది చూచి ఫ్లారిడాలోని బ్రొవార్డు కౌంటీ, వర్జీనియాలోని హెన్రైకో కౌంటీ మున్నగు స్థానిక సంస్థలు తామును అట్టి షరతులనే విధించినవి.

ఇరుపక్షముల వాదములు

కేబులు కంపెనీల వాదమును న్యాయముగా వినవలెను. వారు చెప్పినది మూడు మాటలు. ఒకటి: తీగను మేము మా సొమ్ముతో వేసితిమి, టెలివిజనుకై వేసిన పాత తీగను ఇంటర్నెట్టునకు తగినట్లు మార్చుటకు ఇంకను అపారముగా వ్యయము చేయవలెను, ఫలితమును ఇతరులు పంచుకొందురన్నచో పెట్టుబడి పెట్టువాడెవడు? రెండు: కేబులు తీగ పలువురు పంచుకొను తీగ గనుక, టెలిఫోను తీగవలె విడదీసి ఒక్కొక్కరికి ఇచ్చుట కుదరదు. మూడు: ఊరికొక నియమము పెట్టినచో దేశమంతటను వ్యాపారము సాగదు.

రెండవ పక్షము వారి వాదము వేరు. వీథులు ప్రజలవి. ప్రజల వీథిలో తీగ వేయుటకు అనుమతి పొందినవాడు ప్రజలకు కొంత బాధ్యత వహింపవలెను. ఊరిలో రెండవ కేబులు తీగ వేయుటకు ఎవ్వడును సాధారణముగా సాహసింపడు. ఏలనన మొదటివానికి గల చందాదారులలో సగమును గెలిచిననే గాని రెండవవాని ఖర్చు గిట్టదు. కనుక మొదటి తీగయే చిరకాలము ఏకైక తీగగా నిలుచును. దానిని మూసియుంచినచో పోటీ ఎన్నటికిని రాదు.

ఈ వాదములలో పెట్టుబడిని గూర్చినది బరువైనది. సంత స్థలమును చదును చేసి, షెడ్డు వేసినవానికి ఖర్చు రాకపోయినచో మరుసటి ఊరిలో షెడ్డు లేవదు. కనుక తెరచుట యనగా ఉచితముగా ఇచ్చుట కాదు. న్యాయమైన ఆశీలునకు ఇచ్చుట. ఆ ఆశీలు ఎంత యనునదే అసలు చిక్కు.

న్యాయస్థానముల తీర్పులు

2000 జూన్‌లో పై న్యాయస్థానము క్రింది తీర్పును కొట్టివేసెను. కారణము విచిత్రమైనది. నగరమునకు గల అధికారము టెలివిజను కార్యక్రమములను చూపు కేబులు సేవపైననే. ఇంటికి ఇంటర్నెట్టును చేరవేయుట టెలివిజను కాదు, టెలిఫోను వంటి వార్తారవాణా సేవ. దానిపై షరతులు పెట్టుటకు కేబులు అనుమతిని సాధనముగా వాడరాదు అని న్యాయమూర్తులు చెప్పిరి. కోరిక తప్పని వారనలేదు. కోరుటకు నగరము తగిన అధికారి కాదనిరి. బ్రొవార్డు, హెన్రైకో కౌంటీల షరతులును న్యాయస్థానములలో నిలువలేదు.

ఆ తీర్పులోనే ఒక ఆశ దాగియుండెను. అది టెలిఫోను వంటి సేవయే యైనచో, అందరినీ సమముగా మోయవలెనను పాత నియమము దానికిని వర్తింపవలెను గదా! ఆ నియమమును అమలుపరచు అధికారము జాతీయ స్థాయిలోని ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషనుది. కాని 2002 మార్చిలో ఆ కమిషను, కేబులు ఇంటర్నెట్టు రవాణా సేవ కానే కాదు, అది 'సమాచార సేవ' మాత్రమే అని నిర్ణయించెను. ఆ ఒక్క పేరు మార్పుతో తీగ తెరువవలసిన బాధ్యత తొలగిపోయెను.

కాలిఫోర్నియాకు చెందిన బ్రాండ్ ఎక్స్ అను చిన్న ఇంటర్నెట్టు సంస్థ మొదలైనవారు దీనిపై పోరాడిరి. వివాదము సుప్రీం కోర్టు వరకు పోయెను. 2005 జూన్ 27న ఆరుగురు న్యాయమూర్తులు కమిషను నిర్ణయమును నిలిపిరి. ముగ్గురు భిన్నాభిప్రాయము తెలిపిరి. భిన్నాభిప్రాయము వ్రాసిన న్యాయమూర్తి స్కాలియా, పిజ్జా రొట్టెలు కాల్చి ఇంటికి పంపు దుకాణమును ఉపమానముగా తీసికొనెను. రొట్టెను ఇంటికి చేర్చుచునే, చేరవేయు పని మేము చేయుటలేదని ఆ దుకాణమువాడన్నచో ఎవరును ఒప్పరని ఆయన భావము. ఐనను మెజారిటీ తీర్పే తీర్పు. తరువాతి కాలమున ఆ దేశపు ఇంటర్నెట్టు నియమములు పలుమార్లు మారినవి. కాని కేబులు తీగలను ఇతర వర్తకులకు తెరువవలెనను సర్వసాధారణ నిర్బంధము రాలేదు.

వర్తకుడు దివాలా తీసిన దినము

ఈ వ్యాజ్యములు సాగుచుండగనే, ఒకే వర్తకునిపై ఆధారపడుట యెట్టిదో ప్రజలకు ప్రత్యక్షముగా తెలిసివచ్చెను. పోర్ట్‌లాండు వివాదమునకు మూలమైన ఎట్ హోమ్ సంస్థ 2001 సెప్టెంబరులో దివాలా దరఖాస్తు పెట్టెను. ఆ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన ఏ.టి. అండ్ టి. కేబులు చందాదారులలో ఎనిమిది లక్షలకు పైగా ఇండ్లకు ఇంటర్నెట్టు ఒక్కసారిగా ఆగిపోయెను. కంపెనీ వారిని కొన్ని దినములలో తన సొంత ఏర్పాటునకు మార్చుకొనెను. కాని పాత ఈమెయిలు చిరునామాలు పోయినవి. కొత్తవానిని అందరికిని తెలుపుకొనవలసి వచ్చెను. తీగ తెరచియున్నచో ఆ సంస్థ దివాలా తీయకుండెడిదని మేము చెప్పము. కాని మరియొక వర్తకుడు అదే తీగపై సిద్ధముగా నున్నచో, చందాదారుడు తన దారి తాను చూచుకొనగలిగెడివాడు. మూసిన తీగపై అట్టి దారి లేదు.

కెనడా అనుభవము

కేబులు తీగను తెరచుట సాధ్యము కాదను వాదమునకు పొరుగు దేశమే సమాధానము చెప్పెను. కెనడాలో వార్తారవాణా వ్యవహారములను నియంత్రించు జాతీయ కమిషను 1999లో కేబులు కంపెనీలు తమ తీగలను స్వతంత్ర ఇంటర్నెట్టు సంస్థలకు తెరువవలెనని నిశ్చయించెను. సాంకేతికమైన ఏర్పాట్లు పూర్తియగు వరకు, తమ చిల్లర ధరలో నూటికి 25 వంతులు తగ్గించి టోకుగా అమ్మవలెనని ఆ సంవత్సరము సెప్టెంబరులో ఉత్తరువిచ్చెను. తీగను ముక్కలుగా విడదీయ నక్కరలేదు. తీగ చివరనున్న కేంద్రమున ఏ చందాదారుని సమాచారము ఏ సంస్థకు పోవలెనో వేరుచేసి అప్పగించిన చాలును. సంతలో స్థలమును పంచకయే బండ్లను వేరు వేరు అంగళ్లకు మళ్లించుట వంటి పని ఇది.

ఐనను కెనడాలో కథ సుఖాంతము కాలేదు. తలుపు తెరచిన పిమ్మట ఆశీలుపై తగవు మొదలైనది. 2019లో కమిషను టోకు ధరలను బాగుగా తగ్గించెను. పెద్ద కంపెనీలు ఎదిరించినవి. 2021 మేలో కమిషనే ఆ తగ్గింపును ఉపసంహరించుకొనెను. 2022లో ఈబాక్స్, డిస్ట్రిబ్యుటెల్ అను రెండు స్వతంత్ర సంస్థలను బెల్ అను పెద్ద కంపెనీ కొనివేసెను. తలుపు తీయుమని చెప్పుట ఒక ఎత్తు. ఆశీలు ఎంతయో తేల్చి, దానిని నిలబెట్టుట మరియొక ఎత్తు.

స్వీడను దేశపు రాజధాని స్టాక్‌హోం వేరొక మార్గము ననుసరించెను. 1994లో ఆ నగరము 'స్టోకాబ్' అను సొంత సంస్థను స్థాపించి, నేలలో ఫైబరు తీగలను వేయించెను. ఆ సంస్థ తాను ఇంటింటికి ఇంటర్నెట్టును అమ్మదు. తీగను మాత్రము అడిగిన వర్తకులకెల్ల సమానముగా అద్దెకిచ్చును. పోర్ట్‌లాండు ఇతరుని తీగకు షరతు పెట్టబోయెను. స్టాక్‌హోం సంత స్థలమునే తన సొంతము చేసికొనెను.

మన గ్రామముల మాట

మన దేశమున ఈ తెరచిన తీగ సూత్రము కొత్తది కాదు. సుమారు రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఫైబరు తీగను చేర్చవలెనని 2011 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన పథకమే నేటి భారత్‌నెట్. ఆ తీగను సేవా సంస్థలన్నింటికి భేదభావము లేక అందుబాటులో నుంచవలెననునది ఆ పథకపు మూల సూత్రములలో నొకటి. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరులో ప్రారంభోత్సవము జరిగిన ఫైబర్‌నెట్ పథకమున తీగ విద్యుత్ స్తంభములపై సాగినది. ఇండ్లకు చేర్చు పనిని స్థానిక కేబులు ఆపరేటర్లు నిర్వహించిరి. తెలంగాణలో మిషన్ భగీరథ మంచినీటి గొట్టములకై త్రవ్విన కందకములలోనే ఫైబరునకును గొట్టములు వేయు పద్ధతిని అవలంబించిరి. ఒకసారి త్రవ్వి రెండు పనులు చేసికొనుట మెచ్చదగిన యోచన.

ఇక అధికారము మాట. పంచాయతీ సభ్యులు దీనిని స్పష్టముగా గుర్తింపవలెను. టెలికమ్యూనికేషన్ల వ్యవహారము కేంద్ర ప్రభుత్వ పరిధిలోనిది. ఇతరుని సొమ్ముతో వేసిన తీగను తెరువుమని పంచాయతీ తీర్మానము చేసినంత మాత్రమున అది చెల్లదు; పోర్ట్‌లాండు పాఠము ఇదియే. కాని పంచాయతీ చేతిలో ఏమియు లేదనుకొనుటయు పొరపాటే. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టము ప్రకారము, ప్రజల ఆస్తిపై తీగ వేయుటకు దారి హక్కు కోరునపుడు, ఆ హక్కును భేదభావము లేకుండ, సాధ్యమైనంతవరకు ఏ ఒక్కరికిని ప్రత్యేక హక్కుగా గాక ఇయ్యవలెను. ఈ హక్కునకు సంబంధించిన నిబంధనలు 2025 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినవి. స్థానిక సంస్థలు గూడ ఇందులకు లోబడియున్నవి. కనుక ఒక సంస్థకు మాత్రమే ఊరి వీథులను కట్టబెట్టు తీర్మానమును ఏ పంచాయతీయు చేయరాదు. అట్టి కాగితమును ఎవరైన తెచ్చినచో, సంతకమునకు ముందు పై అధికారులను సంప్రదింపవలెను.

అడుగవలసిన అయిదు ప్రశ్నలు

తీగ విషయమై దరఖాస్తు గాని, ఒప్పందము గాని పంచాయతీ ఎదుటకు వచ్చినపుడు ఈ ప్రశ్నలను అడిగి, సమాధానములను మినిట్సు పుస్తకమున వ్రాయించుట మంచిది.

1. తీగ ఎవరిది? గొట్టము ఎవరిది? స్తంభము ఎవరిది? ఈ మూడును ఒకరివే కానక్కరలేదు.

2. ఈ అనుమతి ఈ సంస్థకు మాత్రమే పరిమితమను అర్థము వచ్చు మాట ఒప్పందములో ఎక్కడనైన ఉన్నదా?

3. మరియొక సంస్థ ఈ తీగపై సేవను అమ్మదలచినచో ఒప్పుకొందురా? ఏ ధరకు? ఆ ధర ఎచ్చట ప్రకటింపబడినది?

4. సేవ అమ్ము సంస్థ పని మానుకొన్నచో పాఠశాల, ఆరోగ్య కేంద్రము, పంచాయతీ కార్యాలయముల గతి యేమి? ఎన్ని దినములు ముందుగా తెలుపుదురు?

5. వీథి త్రవ్వునపుడు భావికాలమునకై అదనముగా ఒక ఖాళీ గొట్టమును వేయుదురా? వీథిని మరల పూర్వస్థితికి తెచ్చు బాధ్యత ఎవరిది?

ఇందు మూడవ ప్రశ్నకు బదులు రాబట్టు అధికారము పంచాయతీకి లేకపోవచ్చును. ఐనను అడుగుటకు అడ్డు లేదు. గ్రామసభలో పదిమంది ఎదుట అడిగిన ప్రశ్నకు బదులు చెప్పక తప్పించుకొనుట ఎవరికైనను కష్టమే. పంచాయతీ తన నిధులతో గొట్టము వేయించినపుడు గాని, తన కార్యాలయమునకు చందా కట్టునపుడు గాని, షరతులు వ్రాయు అవకాశము పూర్తిగా పంచాయతీదే. అప్పుడు అడుగక, తరువాత చింతించిన ప్రయోజనము లేదు.

సెల్ ఫోను ఉండగా తీగ ఎందులకని కొందరు అడుగవచ్చును. ఇంటిలోని వాడుకకు అది చాలవచ్చును. కాని తరగతి గదిలో పలువురు విద్యార్థులు ఒకేసారి పాఠము వినవలెనన్నను, ఆరోగ్య కేంద్రమునుండి పట్టణపు వైద్యునితో తడబాటు లేక మాటాడవలెనన్నను, తీగయే నమ్మదగినది. ఆ తీగ ఒకసారి వచ్చినచో ఇరువది ముప్పది యేండ్లు అట్లే ఉండును. దానిని వేయు దినమున చేసిన తీర్మానమే మన పిల్లల కాలమున గూడ నడచును.

పోర్ట్‌లాండు సభ్యులు న్యాయస్థానమున ఓడిరి. కాని వారు లేవనెత్తిన ప్రశ్నను ఏ న్యాయస్థానమును తప్పనలేదు. వారికి లేని సదుపాయము నేడు మనకున్నది: భేదభావము కూడదని మన చట్టమే చెప్పుచున్నది. చట్టములోని మాట ఊరిలో అమలు కావలెనన్న దానిని తెలిసికొని అడుగు సభ్యుడు కావలెను. రాబోవు సమావేశమున తీగ విషయము అజెండాలో నున్నచో, పై అయిదు ప్రశ్నలను మన సభ్యులు వెంట తీసికొనిపోవుదురు గాక.